ఎడమకు తిరగని హ్యాండిల్

ఆ బండి హ్యాండిల్ ఎడమ వైపు సగం వరకే తిరుగుతుందని నాకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు. దాని మీద కూర్చోబోయే మనిషి నన్ను సూటిగా అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఆ తర్వాత దాదాపు ఆరేళ్లు అతని ఇంట్లో చాయ్ తాగుతూ, అతని బిడ్డ చేత పెద్దనాన్నా అని పిలిపించుకుంటూ కూడా నోరు విప్పలేదు. నేను ఇది రాయడానికి కూర్చున్నదే ఆ మాట కోసం. అందుకని దాన్ని చివరిదాకా దాచి కథలాగా నడపడం నాకు ఇష్టం లేదు.

అప్పట్లో నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫైబర్ వర్క్‌షాపులో పని చేసేవాణ్ణి. నీళ్ల ట్యాంకులు, కూలర్ల బాడీలు, బస్సు సీట్లు, వాచ్‌మన్ క్యాబిన్లు చేసేవాళ్లం. పని చెప్పుకోవడానికి సులువే. అచ్చుకు మైనం రుద్దాలి, దానిలో గాజు పీచుతో చేసిన మ్యాట్ పరచాలి, మీద రెజిన్ అనే చిక్కటి ద్రవం పూయాలి, గట్టిపడ్డాక ఊడదీయాలి. ఎన్ని పొరలు వేస్తే అంత మందం, అంత బలం. ఒంటికి పట్టిన పీచు మాత్రం సబ్బుకు పోదు. ఇంటికి వెళ్లాక కూడా మెడ గోక్కుంటూనే ఉండేవాణ్ణి. నాచారం వైపు సినిమా వాళ్ల రాకపోకలు ఎప్పటి నుంచో ఉన్నవే కాబట్టి మధ్యమధ్య వాళ్ల పనులూ వచ్చేవి. రాతి స్తంభాలలా కనిపించే స్తంభాలు చేశాం. ఒకసారి మనిషి పట్టేంత చేపను చేశాం.

మా ఇల్లు ఉప్పల్‌లో. ఒకే కాంపౌండులో నాలుగు పోర్షన్లు ఉండేవి. నేను జనగామ వైపు నుంచి వచ్చినవాణ్ణి. పక్క పోర్షన్లో భువనగిరి వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. భార్య, భర్త, బడికి వెళ్లే ఒక పాప. అతను నాకంటే ఐదారేళ్లు చిన్న. నేను తమ్మీ అనేవాణ్ణి, అతను అన్నా అనేవాడు. ఇక్కడ కూడా తమ్ముడనే రాస్తాను. ఆ మాటకు నేను తగనని తెలిసినా అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

తమ్ముడు బండ్లు సర్వీసింగ్ చేసే ఒక షెడ్డులో ట్రయల్ చూసేవాడు. మెకానిక్ పని ముగించాక బండిని తమ్ముడికి ఇస్తే, ఉప్పల్ చౌరస్తా దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చి, ముందు ఫోర్కులో ఏం వదులుగా ఉందో, చెయిన్ ఎక్కడ బిగుసుకుందో చెప్పేవాడు. విప్పి చూడకుండానే చెప్పేవాడు. ఎట్లా తెలుస్తుందని నేను అడిగితే, చేతులకు తెలుస్తదన్నా అనేవాడు. షెడ్డులో అందరికంటే పెద్ద మెకానిక్ కూడా అతని చేతుల మాట కాదనేవాడు కాదు. ఆ చేతుల మీద నమ్మకమే అతని ఉద్యోగం. దాన్నే నేను తీసేశాను.

మా ఇద్దరినీ కలిపింది సినిమాలు. డబ్బింగ్ అయిన ఇంగ్లీషు సినిమాలు, అందులోనూ భవిష్యత్తులో జరిగే బైకు రేసుల సినిమాలు. ఆదివారం మార్నింగ్ షోకు అట్లాంటిది పడితే ఇంట్లో ఏదో ఒక సాకు చెప్పి వెళ్లేవాళ్లం. మూడు వందల ఏళ్ల తర్వాతి నగరం, గాలిలో వంతెనలు, వాటి మీద నీలం వెలుగులు కక్కుతూ పరుగెత్తే బండ్లు. మనుషులందరూ రోబోలతో కాపురం చేస్తుంటారు, విలను మాత్రం మన జానపద సినిమాల్లో రాక్షసుడి భాషలో తిడతాడు. మేము ఇద్దరం అక్కడ పడీపడీ నవ్వేవాళ్లం. రేసు మొదలుకాగానే తమ్ముడు నవ్వడం ఆపేసేవాడు. బండి వంగితే సీట్లో తానూ వంగేవాడు. పక్కవాడు విసుక్కునేవాడు. ఇంటికి నడుస్తున్నప్పుడు ఏది కుదురుతుందో, ఏది కుదరదో చెప్పేవాడు. అంత వేగంలో మలుపు తిరగాలంటే ఒళ్లు వంచాలి, నెమ్మదించి మలుపు కోయాలంటే హ్యాండిల్ తిప్పాలి, ఈ సినిమావాళ్లు రెండూ కలిపి పారేస్తారని అతని ఫిర్యాదు.

ఆ రోజుల్లోనే మా వర్క్‌షాపుకు ఒక చిన్న సినిమా వాళ్లు వచ్చారు. తెలుగులోనే భవిష్యత్తు బైకు రేసు తీస్తారట. బండ్లు పాతవే, పైన కప్పే బాడీలు మేము చేయాలి. ఆర్ట్ డిపార్ట్‌మెంటు కుర్రాడు ఒక సీడీ తెచ్చాడు. ఏదో విదేశీ సినిమాది. అందులో ఒక బండిని చూపించి, అచ్చం ఇదే కావాలన్నాడు. కొలతల్లేవు, డ్రాయింగ్ లేదు. మా సేటు ఆఫీసు గదిలో టీవీ ఉంది. సీడీ పెట్టి, బండి పక్క నుంచి కనబడ్డ చోట బొమ్మను ఆపి, టీవీ అద్దం మీద పల్చటి పాలిథిన్ కవరు అంటించి, మార్కరుతో గీత గీశాను. ముందు నుంచి కనబడ్డ చోట ఆపి ఇంకొకటి. ఆపిన బొమ్మ వణికేది, గీతా వణికేది. అట్లా ఆరు కవర్లు గీసి, వాటిని పెద్దవి చేసి అట్టలు కోసుకుని, వాటితో అచ్చు కట్టాను. అదే మా పద్ధతి. ఆ చేపను కూడా అట్లాగే చేశాం.

ఆ బండికి హ్యాండిల్ కనబడదు. నడిపేవాడి చేతులు బండి ఒంట్లోకి దూరిపోయినట్టు ఉంటాయి. తెర మీద చాలా అందంగా ఉంటుంది. ఆర్ట్ కుర్రాడు పట్టుబట్టింది కూడా దాని గురించే. మన బండికి హ్యాండిల్ ఉంటుంది, అది అటూ ఇటూ తిరగాలి. దాని రెండు వైపులా చెంపల్లాంటి ముక్కలు పెట్టి, లోపల హ్యాండిల్ తిరిగేందుకు ఖాళీ వదిలాను. ఆ ఖాళీ చాలా తక్కువ. ఇంకా వదిలితే చెంపలు ఉబ్బి బండి ఎద్దు మొహంలా ఉంటుందన్నారు. సరే అనుకున్నాను.

బండి నడపడానికి స్థానికంగా ఎవరైనా దొరుకుతారా అని ఫైట్ మాస్టరు అడిగితే తమ్ముడి పేరు చెప్పింది నేనే. అతన్ని ఒకసారి నడిపించి చూసి మాస్టరు భుజం తట్టాడు. ఈ సినిమా సరిగ్గా అయితే తర్వాతి సినిమాకూ పిలుస్తానన్నాడు. ఆ సాయంత్రం తమ్ముడు కాంపౌండులో అందరికీ మిర్చి బజ్జీలు తెచ్చాడు. పెద్దదాన్నయ్యానని పాప సిగ్గుపడుతున్నా వీపు మీద ఎక్కించుకుని చుట్టూ తిప్పుతూ నోటితో ఇంజిను శబ్దం చేశాడు.

షూటింగు పోచారం దాటాక, అప్పటికి ఇంకా తెరవని రింగు రోడ్డు మీద. తారు వేసి ఉంది, వాహనం లేదు, చుట్టూ బండరాళ్లు, పొదలు. ఆ ఖాళీ రోడ్డును చూస్తే నిజంగానే వేరే కాలంలోకి వచ్చినట్టు ఉండేది. గురువారం ట్రయల్ చేశారు. వేగంగా వచ్చి, బ్రేకు వేసి, రెండు డ్రమ్ముల మధ్య నుంచి ఎడమకు కోసి పక్క రోడ్డులోకి దూరాలి. తమ్ముడు నాలుగుసార్లు చేశాడు, నాలుగూ శుభ్రంగా చేశాడు. కానీ గాలికి బాడీ ఊగి ఎడమ చెంప దగ్గర పగులు వచ్చింది.

సాయంత్రం బండి మా దగ్గరికి వచ్చింది. శుక్రవారం పొద్దున్నే ఇవ్వాలి. పగులు మీద లోపలి నుంచి రెండు పొరలు వేస్తే సరిపోయేది. నేను నాలుగు వేశాను. ఆ మధ్యే సేటు నన్ను వర్క్‌షాపుకు ఇన్‌ఛార్జిని చేశాడు. నేను చేసిన పీసు పదిమంది ముందు పగిలిందనే మాట నాకు గుచ్చుకుంటూ ఉంది. మళ్లీ పగలకూడదు, అదొక్కటే నా మనసులో. చెంప లోపల మందం పెరిగితే ఖాళీ తగ్గుతుందన్న లెక్క నాకు తెలియనిది కాదు. పొద్దున బిగించాక హ్యాండిల్ తిప్పి చూసుకుని, తగిలితే గ్రైండరుతో అంచు తీసేద్దాం అనుకున్నాను.

పొద్దున రంగు సరిచేసి బిగించేసరికి పది దాటింది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. సినిమా వాళ్లకు ఆ పట్టింపు ఎక్కువ, మా సేటుకు ఇంకా ఎక్కువ. పదిన్నర లోపు పూజ అయిపోవాలని తొందర పెట్టాడు. బండికి కుంకుమ బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. మా వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉండేది. పూజ అయిన పీసు మీద ఇక పనిముట్టు పెట్టకూడదు. పెడితే ఆ పీసు ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్లకు రక్తం చూపిస్తుందని సేటు తండ్రి కాలం నుంచి నమ్మకం. అందుకే మేము పూజకు ముందే అన్నీ చూసుకునేవాళ్లం. ఆ రోజు చూసుకోలేదు.

ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి చెక్క పలక మీద బండిని నెడుతూ హ్యాండిల్ ఎడమకు తిప్పాను. సగంలో టక్కుమని ఆగింది. ఇంకొంచెం గట్టిగా తిప్పాను. రాలేదు. కుడికి తిప్పితే పూర్తిగా వచ్చింది. ఆటో ఇంజిను నడుస్తూ ఉంది. సేటు అగరుబత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆగండి, గ్రైండరు పెట్టాలి అంటే ఆయన మొహం ఎట్లా మారుతుందో నాకు తెలుసు. పూజకు ముందు ఏం చేసినవ్ అని అడుగుతాడు. నాలుగు పొరలు ఎందుకు వేసినవ్ అంటాడు. అక్కడికి వెళ్లాక తమ్ముడికి చెబుదాం, వాడు చూసుకుని నడుపుతాడులే అని నాకు నేనే చెప్పుకుని ఆటో ఎక్కాను.

అక్కడికి వెళ్తే ఎండ, జనం, కెమెరా కోసం పట్టాలు. తమ్ముడు వెండి రంగు బట్టల్లో ఉన్నాడు. మేము చేసిన హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. దాని అద్దం నల్లది, కింద ఏముందో కనబడదు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, ముందుకు వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేయబోయాడు. అప్పుడే మాస్టరు కేక వేశాడు. తమ్ముడు నా వైపు చూశాడు.

"అన్నా, రాత్రి చెంపకు పని జేసినవంట. హ్యాండిల్ చూసినవా?"

పక్కన ఆర్ట్ కుర్రాడు ఉన్నాడు, ప్రొడక్షన్ మేనేజరు ఉన్నాడు. "చూసిన. ఫ్రీగనే ఉన్నది" అన్నాను.

"గంతే సాలు," అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు ఇక్కడ వేస్తుంది. ఇంకెవరు చెప్పినా అతను తానే తిప్పి చూసుకునేవాడు. నేను చెప్పాను కాబట్టి చూసుకోలేదు.

మొదటి రెండు షాట్లు తిన్నగా వెళ్లేవే. ఏమీ కాలేదు. మధ్యలో భోజనాలు పెట్టారు. చెట్టు లేదు, వ్యాను నీడలో కూర్చుని ఇద్దరం తిన్నాం. అతను పప్పు కలుపుకుంటూ, ఈ షాటు తెర మీద వచ్చినప్పుడు ఉప్పల్ టాకీసులో ఏ వరసలో కూర్చోవాలో చెబుతున్నాడు. నేను తల ఊపుతున్నాను. చెప్పడానికి అంత ఖాళీ సమయం నాకు మళ్లీ దొరకలేదు. అప్పుడు చెబితే పొద్దున ఎందుకు అబద్ధం ఆడానో చెప్పాల్సి వస్తుంది. ఆ చిన్న సిగ్గు తప్పించుకోవడానికి ఊరుకున్నాను.

మూడో షాటులో అతను వేగంగా వచ్చాడు, బ్రేకు వేశాడు, ఎడమకు కోయబోయాడు. బండి సగం తిరిగి, తిన్నగా డ్రమ్ము వైపు వెళ్లింది. డ్రమ్ము ఎగిరింది. బండి అతని ఎడమ కాలు మీద పడి రోడ్డు మీద జారుకుంటూ పోయింది. హెల్మెట్ తీసినప్పుడు స్పృహలోనే ఉన్నాడు. మోకాలు, ఎడమ మణికట్టు విరిగాయి. దవాఖానాకు తీసుకుపోయే కారులోకి ఎక్కిస్తుంటే మాస్టరుతో ఒకే మాట అన్నాడు. "సార్, హ్యాండిల్ రాలే."

మాస్టరు చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు అక్కడ కారణం కావాలి. ట్రయల్‌లో నాలుగుసార్లు తిరిగిన బండి ఈ రోజు ఎందుకు తిరగదు? కెమెరా చూసి కుర్రాడు బెదిరాడు, చేతులు బిగుసుకుపోయాయి, కొత్తవాళ్లకు అట్లా అవుతుంది అన్నాడు. అందరూ అదే అనుకున్నారు. మేనేజరుకు మాత్రం అనుమానం తీరలేదు. రేపు పొద్దున వచ్చి బండి చూస్తానన్నాడు.

బండిని ట్రాలీలో వేసుకుని నాచారం తెచ్చింది నేనే. సాయంత్రం ఐదున్నరకు డ్యూటీ అయిపోయి అందరూ వెళ్తున్నారు. అంచు పగిలిన చోట సరిచేసి వెళ్తానని చెప్పి నేను ఉండిపోయాను. గ్రైండరు ప్లగ్గు పెట్టాను. ఎడమ చెంప లోపలి అంచును వేలెడు మందాన తీసేశాను. తెల్లటి పొడి లేచి చేతుల మీద పడింది. పొద్దున కుంకుమ బొట్టు ఉందని ఏ పీసు మీద పనిముట్టు పెట్టలేదో, దాని మీదే ఆ సాయంత్రం పెట్టాను. బొట్టు ఇంకా అలాగే ఉంది. రక్తం అప్పటికే చూపించేసింది కాబట్టి ఇక భయం లేదనుకున్నానో ఏమో. హ్యాండిల్ తిప్పి చూశాను. ఎడమకు పూర్తిగా వచ్చింది. పొడి ఊడ్చి, నల్ల రంగు కొట్టి, ఇంటికి వెళ్లాను.

మరుసటి రోజు మేనేజరు వచ్చాడు. ఆయన ఆంధ్ర వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. హ్యాండిల్ అటూ ఇటూ రెండు మూడుసార్లు తిప్పాడు.

"బాగానే తిరుగుతోంది కదయ్యా. మొదటి నుంచీ ఇలాగే ఉందా?"

"ఇట్లనే ఉన్నది సార్," అన్నాను.

సేటు నా వీపు మీద చెయ్యి వేసి, మావాడి పనిలో తేడా రాదు సార్ అన్నాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తే.

దవాఖానా ఖర్చు సినిమా వాళ్లే పెట్టుకున్నారు. మాస్టరు మళ్లీ పిలవలేదు. నేను బత్తాయి పండ్లు పట్టుకుని చూడటానికి వెళ్లాను. తమ్ముడు కట్టు కట్టిన చేతిని పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు. తిప్పినట్టే అనిపించిందన్నా, చేతికి తగిలినట్టే అనిపించింది, కానీ బండి మంచిగనే ఉన్నదట గద అన్నాడు. నేను కిటికీ వైపు చూస్తూ అవునన్నాను. అతని భార్య పక్కన బత్తాయి వలుస్తూ ఉంది. బెదిరినోనివి బెదిరిన్నని ఒప్పుకో, బండి మీద ఎందుకు నెడుతవ్ అంది మొగుణ్ణి. అతను గోడ వైపు తిరిగాడు.

మోకాలు అతుక్కుంది, కొంచెం కుంటు మాత్రం మిగిలింది. మణికట్టూ అతుక్కుంది. కానీ షెడ్డుకు వెళ్లిన మొదటి వారంలోనే తేడా తెలిసిపోయింది. ఒక బండిని నడిపి వచ్చి, ముందు చక్రంలో ఏదో ఉందనిపిస్తుంది కానీ నమ్మలేనన్నాడట. విప్పి చూడండి, నా చేతుల మాట వినకండి అన్నాడట. ట్రయల్ చూసేవాడు అట్లా అంటే ఇక అతను ఎందుకు? నెల తిరక్కముందే మానేశాడు. తర్వాత పోచారంలో ఒక పెద్ద ఐటీ క్యాంపసులో సెక్యూరిటీలో చేరాడు. పని పార్కింగు దగ్గర. పొద్దున వచ్చే వందల బండ్లకు ఎక్కడ పెట్టాలో చెయ్యి చూపించడం. అతను మాత్రం బస్సులో వెళ్లేవాడు, బస్సులో వచ్చేవాడు. బండి వెనక సీటు మీద కూడా కూర్చునేవాడు కాదు.

ఆ సినిమా వచ్చి, వారం ఆడి పోయింది. తమ్ముడు పడిన షాటును పారేయలేదు. విలను మనిషి పడిపోయినట్టు వాడుకున్నారు. మా కాంపౌండులో వాళ్లు కలిసి వెళ్లి, ఆ చోట ఈలలు వేశారు. తమ్ముడూ వేశాడు. తర్వాత అది అతనికి ఒక కథ అయింది. ఎవరు కాలు ఎందుకు కుంటుతుందని అడిగినా, హీరో కావాలని పోయిన్నే, కెమెరా చూడంగనే చేతులు కట్టెలైనయ్ అని నవ్వించేవాడు. చెప్పిన ప్రతిసారీ కొంచెం మెరుగు పెట్టేవాడు. నేను అక్కడ ఉంటే, మా అన్నను అడుగున్రి, బండి మస్తు చేసిండు, నడిపెటోడే దొరకలే అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నాకు అబద్ధం మళ్లీ ఆడే పని కూడా లేకుండా చేశాడు. నా బదులు అతనే ఆడుతున్నాడు, నిజమనుకుని.

మనిషి అలవాటు పడిపోతాడు. మధ్యలో సంవత్సరాల తరబడి నాకు పెద్దగా బాధ కూడా ఉండేది కాదు. ఇది కూడా రాయాలి. బాధతో కుమిలిపోయానని రాస్తే మరో అబద్ధం అవుతుంది. సేటు చనిపోయాడు, వర్క్‌షాపు కొడుకు చేతికి వచ్చింది, నేను అక్కడే ఉన్నాను. సాయంత్రాలు ఇద్దరం చాయ్ తాగేవాళ్లం. సినిమాలకు మాత్రం వెళ్లడం మానేశాం. ఎందుకని ఒకరినొకరం అడగలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది. ఉప్పల్ రోడ్డు నిండా మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, ఇనుప రేకులు అడ్డం పెట్టారు, బస్సు ఎక్కితే ఎప్పుడు దిగుతామో తెలియదు. తమ్ముడి బిడ్డకు అంబర్‌పేట్ వైపు కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. రోజూ మొదటి క్లాసు పోతుంది. వాళ్ల మేనమామ తన పాత స్కూటీ ఇస్తానన్నాడు. తమ్ముడు వద్దన్నాడు. తల్లి చెప్పింది, మేనమామ చెప్పాడు. వినలేదు. నెల రోజులు ఇంట్లో అదే గొడవ.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో ఉన్నాను. కేబుల్లో మా సినిమాయే వస్తూ ఉంది. ఆ చోటు వచ్చింది. వెండి బట్టల మనిషి వచ్చాడు, సగం తిరిగాడు, పడ్డాడు. తమ్ముడు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. బిడ్డ నవ్వలేదు.

"నువ్వు పడ్డవని నాకెందుకు నాన్నా? నేను మంచిగ నేర్సుకుంట."

"నేర్సుకుంటే వచ్చేది గాదు బిడ్డా. నాకు రాకనా? పదేండ్లు నడిపిన. సరిగ్గ టైముకు చేతులు మాట వినలే. మన చేతులల్లనే ఉన్నది గది. నీయి నా చేతులే."

అంటూ తన రెండు చేతులూ చూపించాడు. నవ్వించడానికి కాదు. ఆ పిల్ల తన చేతుల వైపు చూసుకుంది. ఒక్క క్షణం, నమ్మింది. తర్వాత నా వైపు తిరిగి, పెద్దనాన్నా, నువ్వన్న చెప్పవా అంది.

నేను ఏమన్నానో రాయడానికే ఇంతసేపూ వెనకాడుతున్నాను. "నాన్న చెప్పినట్టు విను బిడ్డా," అన్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, పని ఉందని లేచి వచ్చేశాను.

అప్పటిదాకా అది అతని కాలు, అతని ఉద్యోగం, అతని పరువు. ఇప్పుడు అది పద్దెనిమిదేళ్ల పిల్ల చేతుల్లోకి ఎక్కుతూ ఉంది. ఆమె కూడా ఇక ఎప్పుడూ తన చేతులను నమ్మదు. గ్రైండరుతో తీసేసింది ఫైబర్ అంచు అనుకున్నాను ఇన్నేళ్లూ.

మర్నాడు సెలవు పెట్టి పోచారం వెళ్లాను. తమ్ముడి డ్యూటీ రెండింటికి అయిపోతుంది. క్యాంపసు ఎదురుగా బస్‌స్టాపులో కూర్చున్నాను. యూనిఫాం మీద చొక్కా వేసుకుని వచ్చాడు, నన్ను చూసి కంగారు పడ్డాడు.

"ఏందన్నా, ఇంట్ల అందరు మంచిగనేనా?"

మంచిగనే అన్నాను. కూర్చోమన్నాను. చుట్టూ తిప్పకుండా చెప్పాను. నాలుగు పొరలు వేసింది, ట్రాలీ ఎక్కించేటప్పుడు హ్యాండిల్ తగిలింది, అడిగితే అబద్ధం చెప్పింది, సాయంత్రం అంచు తీసేసింది, మేనేజరుకు చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను రోడ్డు వైపే చూశాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను. అతను రెండు చేతులూ ముందుకు చాచి, పిడికిళ్లు బిగించి, లేని హ్యాండిల్‌ను పట్టుకున్నాడు. ఎడమకు తిప్పుతూ పోయి, ఒక చోట ఆపాడు.

"గిక్కడనా?"

"గక్కడనే."

మళ్లీ తిన్నగా తెచ్చి, మళ్లీ తిప్పి, అదే చోట ఆపాడు. బస్‌స్టాపులో వాళ్లు చూస్తున్నారు.

"అంటే నేను తిప్పిన."

"తిప్పినవ్ తమ్మీ."

"నా చేతికి తగిలింది నిజమే."

"నిజమే."

క్షమించమని అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు జెప్పకు. మా ఇంటికొచ్చి చెప్పు. ఇన్నేండ్లు నా కథ ఇన్నది వాళ్లు గద."

బస్సు వచ్చింది. ఎక్కాడు. నన్ను ఎక్కమనలేదు, నేను ఎక్కలేదు.

మాస్టరు ఎక్కడ ఉన్నాడో కనుక్కోవాలని చూశాను, తెలియలేదు. మేనేజరు ఫోన్ నంబరు మారిపోయింది. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, ఆ రోజు బెదిరింది నడిపినవాడు కాదని తెలుసుకోవాలి. సేటు కొడుక్కు చెప్పాను. పాత సంగతి ఇప్పుడెందుకు అన్నాడు. అతనికి అది పాతదే.

వాళ్లింటికి వెళ్లడానికి నాకు మూడు రోజులు పట్టింది. వెళ్లేది పక్క పోర్షనుకే అయినా మూడు రోజులు. ఆ మూడు రోజులూ తమ్ముడు ఇంట్లో ఏమీ చెప్పలేదని తర్వాత తెలిసింది. నా పని నాకే వదిలేశాడు. గురువారం సాయంత్రం వెళ్లాను. తలుపు తీసి ఉంది. అతని భార్య బియ్యం ఏరుతూ ఉంది, బిడ్డ పుస్తకం పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. తమ్ముడు లేచి టీవీ ఆపేసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. కుర్చీ వేశారు. కూర్చోలేదు. అన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పొరలు, పూజ, ట్రాలీ, అతను అడిగింది, నేను అన్నది, భోజనాల దగ్గర ఊరుకున్నది, గ్రైండరు, మొన్న ఆదివారం కూడా. ఆమె చేటలో చేతులు ఆగిపోయాయి. దవాఖానాలో మొగుణ్ణి తాను అన్న మాట గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు ఎవరి వైపూ చూడటం లేదు.

నేను ఆ పిల్ల వైపు తిరిగి చెప్పాను. "మీ నాన్న చేతులు ఆనాడు ఆగలేదు బిడ్డా. నేను చేసిన పీసు ఆపింది. నాకు తెల్సు, చెప్పలే. మీ నాన్న బెదిరిండని ఊరంత అంటుంటే ఇన్నేండ్లు నోరు మూసుకున్న, మొన్న నీ ముంగట గూడ మూసుకున్న. తప్పంత నాది. నన్ను మన్నియ్యున్రి. తమ్మీ, నువ్వు మన్నియ్యకున్నా సరే, నీ చేతులు మంచియని నీ ఇంట్ల, నీ మనుషుల ముంగట చెప్తున్న."